సమాధుల తోట దారి

ఆ వేసవంతా మా ఊరి గోడల మీద నా ముఖం ఉండేది. తెల్లచీర కట్టుకుని, చేతులు జోడించి, ఎవరినో క్షమించమని అడుగుతున్నట్టు నవ్వుతూ కనిపించేదాన్ని. నా ఫొటో అరచేయంత. పక్కన నారాయణమూర్తి గారిది తలుపంత. కింద ‘మీ నర్సమ్మ మెర్సీ’ అని రాయించారు.

కోటబొమ్మాళి నుంచి నౌపడ వైపు వెళ్ళే దారిలో, హైవేకి ఆనుకుని పెరుగుతున్న ఊరు మాది. వరి మళ్ళల్లో రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. పంచాయతీ పోయి నగర పంచాయతీ అయ్యింది. ఊరు పెరిగితే చెత్త కూడా పెరుగుతుంది. ఆ చెత్తంతా ట్రాక్టర్లలో తెచ్చి మా మిషన్ పేట వెనక సమాధుల తోటలో పోసేవారు. హోటళ్ళ విస్తరాకులు, కోడి ఈకలు, కుళ్ళిన కూరగాయలు అన్నీ మా పెద్దవాళ్ళ మీదే. అడిగితే, అది ప్రభుత్వ స్థలం, మీదని రాసి లేదు అనేవారు. చచ్చిపోయినవాళ్ళు అక్కడ పడుకుని ఉండడం సరిపోలేదు కాబోలు.

నారాయణమూర్తి గారు మా ఇంటికి వచ్చింది 2014 మార్చి మొదట్లో. ఆయనకి రైసు మిల్లు ఉంది, హైవే పక్క ప్లాట్ల వ్యాపారం ఉంది, పార్టీ ఆయన మాట మీద నడుస్తుంది. ఆయన కారు ఏళ్ళ తరబడి నడుపుతున్నది మా ఆయన డేవిడ్‌రాజే. అయినా ఆ తెల్ల కారు మా సందులోకి రావడం అదే మొదలు. ఆయన మా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు ఇస్తే తాగారు కూడా.

“సిస్టరమ్మా, ఛైర్‌పర్సన్ సీటు బీసీ మహిళకి పడిపోనాది. దళిత కిరస్తానీలకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్ నీకున్నాది. ఊల్లో సగం పిల్లా గుంటల్ని నువ్వే పురుడు పోసి తీసినావు. నీకంటే మంచి మనిషి మనకెవలున్నారు?” అన్నారు.

మిషన్ ఆసుపత్రిలో నర్సుగా నేను పురుడు పోసినవాళ్ళలో ఆయన కోడలు ఈశ్వరి కూడా ఉంది. ఆ పిల్ల రెండు రోజులు నొప్పులు పడి, నా చెయ్యి పట్టుకుని నా గాజులు విరగ్గొట్టింది. ఆయన మాట నిజమే.

“ఒక్కటే అడుగుతానండి. సమాధుల తోటలో చెత్త ఆపించాలి” అన్నాను.

ఆయన నవ్వారు. “నన్నడుగుతావేటి? కుర్చీలో కూకునేది నువ్వు. నీ సంతకంతో నువ్వే ఆపుకో.”

మా అత్త ఎలీసమ్మ గుమ్మంలోంచి గట్టిగా ‘ప్రభువుకి స్తోత్రం’ అంది. డేవిడ్‌రాజు కారు పక్కన నిలబడి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. సంతోషం పట్టలేక అలా ఉన్నాడనుకున్నాను.

నేను ఆసుపత్రి పని మానేసి నామినేషన్ వేశాను. ఇంకేముంది, ఊళ్ళో గడప గడపా ఎక్కాం దిగాం. పొద్దున్నే ఎండ ముదరకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముందు డప్పులు, వెనక జెండాలు, మధ్యలో నేను, నా పక్కన మా అత్త. ఆవిడ మోకాళ్ళు నొప్పి అని మందిరానికి కూడా ఆటోలో వెళ్ళే మనిషి. ఆ నెలలో ఎక్కని మెట్టు లేదు.

రైతుల వీధిలో గున్నమ్మ అనే ముసలావిడ నన్ను చూడగానే మనవణ్ణి లాక్కొచ్చి నా ముందు నిలబెట్టింది. “ఈడు అడ్డం తిరిగిపోతే నర్సమ్మే కదేటి తిప్పినాది. ఓటు సంగతి నన్ను అడక్కండి, సిగ్గు పడతాను” అంది. అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు నా నుదుట బొట్టు ఉందా లేదా అని చూడలేదు. గంపలో దాచుకున్న మామిడికాయలు తీసి చేతిలో పెట్టారు.

బొట్టు కోసం చూసినవాళ్ళు మా పార్టీలోనే ఉన్నారు. త్రినాథ్ అని మూర్తిగారి మనిషి ఒకడు ప్రచారమంతా చూసుకునేవాడు. ఒకరోజు మా అత్త సంకలోని సంచి చూసి, “పిన్నీ, పైవీధిలోకి బైబులు పట్టుకు రాకు. ఓట్లు పోతాయి” అన్నాడు.

“బైబులు కాదురా బాబూ, వక్కా ఆకూను. కావాలా నీకు?” అని సంచి విప్పి చూపించింది. వాడు తీసుకుని నమిలాడు కూడా.

ఎక్కడికి వెళ్ళినా హామీలు నన్ను అడిగేవారు, జవాబులు డేవిడ్‌రాజుని అడిగేవారు. “ఛైర్మన్ గారూ, మా వీధికి కాలవ వస్తాదా?” అని అతణ్ణి అడిగితే తల వంచుకుని, “ఆవిడ్ని అడగండి” అనేవాడు. నాకు ఆ మాట ఎంతో బాగుండేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వెనక నడవడం తనకి నామోషీ కాదని చూపిస్తున్నాడనుకున్నాను.

మార్చి చివర ఓట్లు పడ్డాయి. అసెంబ్లీ ఎన్నికలు ఉన్నాయని లెక్కింపు ఆపేశారు. ఆ మధ్య నెలన్నర మాకు ఊపిరాడలేదు. మేలో లెక్కిస్తే మా వార్డులో ఎదుటివాళ్ళకి డిపాజిట్ దక్కలేదు. ఇరవై వార్డుల్లో మా పార్టీకి పదకొండు వచ్చాయి. అందులో మూడు మిషన్ పేటవి, ఇంకో రెండు మా వాళ్ళ ఓట్లు లేకపోతే వచ్చేవి కావు. ఈశ్వరి కూడా మిల్లు వీధి నుంచి గెలిచింది. ఆ రోజు పేటలో రంగులు చల్లుకున్నారు. పాస్టరు గారు మందిరంలో నా కోసం ప్రార్థన చేసి, “మన తోట మనకి వస్తాది” అన్నారు.

ఛైర్‌పర్సన్ ఎన్నిక జూలైలో. గెలిచిన కౌన్సిలర్లే చేతులెత్తి ఎన్నుకోవాలి. ఎదుటి పార్టీ మనుషుల్ని లాగేసుకుంటుందని వారం ముందే మమ్మల్నందర్నీ రెండు బళ్ళలో ఎక్కించి ఒడిశాలో గోపాల్‌పూర్ సముద్రం దగ్గరికి తీసుకుపోయారు. ఆడవాళ్ళ బండి నడిపింది మా ఆయనే. ఇచ్ఛాపురం దాటాక టీ దగ్గర ఆపితే, నాకు గ్లాసు అందించి, “తిన్నావా?” అన్నాడు. అంతే.

అక్కడ హోటల్లో నాకూ ఈశ్వరికీ ఒకే గది ఇచ్చారు. ఆ పిల్ల రోజంతా టీవీ ముందు కూర్చునేది, చూసేది కాదు. “సిస్టర్, మీకు భయం లేదేటి?” అని ఒకసారి అడిగింది. “దేనికమ్మా?” అన్నాను. దుప్పటి అంచు మడత పెడుతూ కూర్చుంది.

మూడో రోజు పొద్దున్న మూర్తిగారు నన్ను సముద్రం వైపు వరండాలోకి పిలిచారు. టీ తెప్పించారు. త్రినాథ్ పక్కనే ఉన్నాడు.

“సిస్టరమ్మా, పైనుంచి మాటొచ్చినాది. ఛైర్‌పర్సన్‌గా ఈశ్వరి పేరు ఖాయం అయిపోనాది, అదీ బీసీయే కదా. నీకు వైస్ ఇస్తాం.”

సముద్రం హోరులో సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. “మరి గోడల మీద నా పేరు రాయించారు కదండీ” అన్నాను.

“రాయించినాం. ఓట్లు రావాల కదా.” చాలా మామూలుగా అన్నారు. వడ్ల ధర చెప్పినట్టు. “నువ్వు మంచిదానివే. కానీ ఇది ఊరికి మొదటి కుర్చీ. కొత్త ఆఫీసుకి పూజ సెయ్యాల. రథయాత్రకి ముందు తాడు అందుకోవాల. నువ్వొచ్చి కొబ్బరికాయ కొడతావేటి? కొట్టినా మీవోళ్ళు ఊరుకోరు, కొట్టకపోతే మావోళ్ళు ఊరుకోరు. ఎందుకొచ్చిన గొడవ?”

“మీ కోడలికి పురుడు పోసిననాడు ఈ గొడవ లేదు కదండీ.”

ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. “పాత మాటలెందుకు? ఇంకొకటి. హాల్లో ఈశ్వరి పేరు నువ్వే ప్రతిపాదించాల. అప్పుడు మీ పేటలో ఎవలూ నోరెత్తరు.”

నా కుర్చీ తీసుకోవడమే కాదు, దాన్ని నేనే ఎత్తి వాళ్ళింటి ముందు పెట్టాలి. టీ చల్లారిపోయింది. నేను తాగలేదు.

“చెత్త సంగతి?” అన్నాను.

త్రినాథ్ నవ్వాడు. “ఇంకా చెత్త దగ్గరే ఉన్నావా అక్కా? ఆ చెత్త మిల్లు పక్కన పొయ్యమంటావేటి?”

కిందికి దిగి వచ్చేసరికి డేవిడ్‌రాజు బండి డోరు తెరిచి, అందులో కాళ్ళు బయటికి పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. ఏమైందని అడగలేదు. అడగకపోవడమే నాకు అంతా చెప్పింది.

“నీకెప్పుడు తెలుసు?”

కొబ్బరి చెట్ల వైపు చూశాడు. “మొదట్నుంచీ.”

“మొదట్నుంచీ అంటే?”

“ఆ బాబు మనింటికొచ్చిన ముందు రోజే కార్లో మాటాడుకున్నారు. నాను ఇన్నాను.”

“నాకెందుకు సెప్పలేదు?”

బండి డోరు మూశాడు. తర్వాత, “నువ్వలగ వీదుల్లో నడిసి వెల్తంటే… నిన్ను అలగ ఎప్పుడూ సూల్లేదు. సెప్పలేకపోనాను” అన్నాడు.

నేను గదిలోకి వెళ్ళిపోయాను. ఎవడో పైవాడు మోసం చేస్తే తిట్టుకోవచ్చు. పక్కలో మనిషి జాలిపడి మోసం చేస్తే ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఊరంతా చేతులు జోడిస్తూ తిరిగిన నన్ను చూసి ఈ మనిషి లోపల ఏమనుకుంటూ ఉన్నాడో తల్చుకుంటే ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు.

ఎన్నిక రోజు హాలు కొత్త సున్నం వాసన వేస్తోంది. ఎన్నిక జరిపించే ఆఫీసరు పేర్లు చెప్పమన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను ప్రతిపాదించవలసిన కాగితం నా ముందే పెట్టి ఉంది, అచ్చు వేసి మరీ. ఫ్యాను గాలికి అది కొట్టుకుంటోంది. నేను లేవలేదు. మూర్తిగారు గుమ్మం దగ్గర నుంచి దగ్గారు. నేను లేవలేదు. ఆఫీసరు రెండోసారి అడిగారు. చివరికి మా కౌన్సిలర్లలో ఒకడైన త్రినాథ్ తమ్ముడు లేచి ఈశ్వరి పేరు చెప్పాడు. ఎదుటి పార్టీ వాళ్ళు తమ పేరు చెప్పారు.

ఈశ్వరికి చేతులెత్తమన్నప్పుడు పది చేతులు లేచాయి. మిషన్ పేట మిగతా ఇద్దరివీ అందులో ఉన్నాయి. వాళ్ళకీ పిల్లలున్నారు, అప్పులున్నాయి. నేను వాళ్ళనేమీ అనను. అవతలి ఆవిడకి తొమ్మిది. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. దండ వేయించుకుంటూ ఈశ్వరి నా వైపు చూసింది. తల దించుకుంది.

పార్టీ చెప్పినట్టు ఓటెయ్యలేదని, విప్ ధిక్కరించానని నోటీసు వచ్చింది. తర్వాత నా సభ్యత్వం పోయింది. ఊరు నన్ను గెలిపించిన సంగతి ఒక్క సంతకంతో లేకుండా పోయింది. ఆసుపత్రిలో నా చోట వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. కొడుక్కి ముందే తెలుసని విన్న మా అత్త మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టి, “ఆలి పరువు అమ్ముకున్నోడివి, ఇంకా ఆ కారెందుకు నడుపుతన్నావురా?” అని అడిగింది.

“మానేస్తే తిండెలాగమ్మా?” అన్నాడు. నేను గిన్నెలు తోముతూ విన్నాను. తిరిగి చూడలేదు. అతను ఈశ్వరిని ఎక్కించుకుని అదే కారు నడిపాడు. ముందు ‘ఛైర్‌పర్సన్’ అని ఎర్రబోర్డు పెట్టారు.

ట్రాక్టర్లు ఆగలేదు సరికదా, ఎక్కువయ్యాయి. కొత్త మున్సిపాలిటీ కదా, ఊరు శుభ్రంగా ఉండాలి. ఆగస్టు వానల్లో శాంతికుమార్ మాస్టారు పోయారు. మిషన్ బళ్ళో పేటలో అందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి. శవపెట్టె మోసుకుని తోట దారి పట్టాం. ఆ దారి సన్నం. మధ్యలో చెత్త ట్రాక్టరు అడ్డంగా ఉంది.

“వెనక్కి తియ్యి నాయనా” అన్నారు పాస్టరు గారు.

“తీస్తే బురదలో దిగబడిపోతాది. ఇంకా రెండు ట్రిప్పులున్నాయి నాకు. తొట్టి ఒంపుకుని ఎల్తాను, ఆగండి” అన్నాడు డ్రైవరు. వాడికి కోపం లేదు, పొగరు లేదు. వాడికది రోజూ ఉండేదే.

వానలో పెట్టె భుజాల మీద పెట్టుకుని ఆగాం. మా కళ్ళ ముందే తొట్టి పైకి లేచింది. ఎవరి పెళ్ళి భోజనాలవో విస్తరాకులు, ఎంగిలి అన్నం, నీళ్ళు కారుతూ జారి పడ్డాయి. కుక్కలు పరిగెత్తుకొచ్చాయి. పెట్టె మోస్తున్నవాళ్ళలో డేవిడ్‌రాజు ఉన్నాడు. పెట్టె ముందు కొస కింద, కుడివైపు. వాన నీళ్ళు ముఖం మీద కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అతని కళ్ళు ఆ కుప్ప మీదే ఉన్నాయి. తర్వాత మేం ఆ ఆకుల మీద కాళ్ళు వేసుకుంటూ మాస్టారిని తీసుకెళ్ళాం.

మర్నాడు పొద్దున్న పేటలో పిల్లలు అరుస్తూ పరిగెత్తారు. నేనూ మా అత్తా వెళ్ళేసరికి తోట దారి మొదట్లో మూర్తిగారి తెల్ల కారు అడ్డంగా ఆగి ఉంది. ఎర్రబోర్డు మా వైపు ఉంది. కారు వెనక మూడు ట్రాక్టర్లు చెత్తతో వరసగా నిలబడి హారన్లు కొడుతున్నాయి. వెనక సీట్లో ఈశ్వరి ఉంది. ఎక్కడికో ప్రారంభోత్సవానికి పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. డేవిడ్‌రాజు కారు దిగి, బానెట్ పక్కన నిలబడి ఉన్నాడు.

“డ్రైవరు గారూ, టైమైపోతాది. ఎందుకిలగొచ్చినాం?” అంటోంది ఈశ్వరి కిటికీలోంచి.

“ఒకపాలి దిగి సూడండమ్మా. మీరు ఈ ఊరికి పెద్ద. సూడాల” అన్నాడు. గొంతు ఎత్తలేదు.

ఈశ్వరి దిగింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని నాలుగడుగులు లోపలికి నడిచింది. చెత్త మధ్యలోంచి విరిగిన సిలువ కొమ్ము ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని పక్కన నిన్నటి మట్టి, మాస్టారిది, ఇంకా తడిగా ఉంది. అప్పటికే దాని మీద కోడి ఈకలు ఎగిరొచ్చి అంటుకున్నాయి. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసింది.

“సిస్టర్, మీరు అడిగినాది ఇదేనా?”

“ఇదేనమ్మా.”

ఈశ్వరి కొంగు దించింది. అక్కడే నిలబడిపోయింది. అప్పటికి పైవీధి నుంచి జనం వచ్చారు. ఎవడో విలేకరి ఫొటోలు తీస్తున్నాడు. మూర్తిగారు త్రినాథ్ మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చారు. దిగుతూనే డేవిడ్‌రాజు మీద చెయ్యి ఎత్తబోయి, జనాన్ని చూసి దించుకున్నారు.

“తియ్యరా కారు.”

డేవిడ్‌రాజు తాళం చెవి బానెట్ మీద పెట్టాడు. “మీ కారు బాబూ. మీరే తీసుకోండి. నాకిక్కడ పనుంది” అని తోట వైపు నడిచాడు.

మూర్తిగారు తాళం అందుకోబోయారు. ఈశ్వరి ముందుగా అందుకుంది. “ఉండనియ్యండి మావయ్యా” అంది. “ఆల్లని ట్రాక్టర్లు ఎనక్కి తీసుకెల్లమనండి.” కోడలు నలుగురిలో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలనుకుంటాను. ఆయన ముఖం చూడవలసిందే. చుట్టూ జనం ఉన్నారు, ఫొటోలు తీస్తున్నారు, బోర్డు మీద కుర్చీ పేరు ఆమెదే. ట్రాక్టర్లు వెనక్కి వెళ్ళాయి.

పేపర్లో ఫొటో పడింది. చెత్తకుప్ప ముందు ఛైర్‌పర్సన్ కారు. దాంతో సిగ్గు వచ్చిందో, భయం వచ్చిందో, కౌన్సిలు తోటలో చెత్త వేయడం ఆపింది. నేను అడిగితే ఆగలేదు. మా మూడు వార్డులు ఓట్లేసినా ఆగలేదు. మాస్టారి పెట్టె వానలో తడిసినా ఆగలేదు. ఒక తెల్ల కారు, ఒక పట్టుచీర మురికవుతాయంటే ఆగింది. దానికి సంతోషించమంటే సంతోషించాను గానీ, ఆ మంట ఈ రోజుకీ పోలేదు. పైగా ఆ చెత్త ఇప్పుడు హైవే అవతల వేరే పేదవాళ్ళ గుడిసెల పక్కకి వెళ్ళింది. ఆ సంగతి మీద వాళ్ళతో కలిసి నేను ఇప్పటికీ ఆఫీసు మెట్లెక్కుతూనే ఉన్నాను.

డేవిడ్‌రాజు ఉద్యోగం పోయింది. అద్దె ఆటో నడపడం మొదలుపెట్టాడు. చెత్త ఆగిన రోజు సాయంత్రం అతను వరండాలో కాళ్ళు కడుక్కుంటుంటే, “రేపు బేగి లే. తోట బాగుచెయ్యాల” అన్నాను. గోపాల్‌పూర్ తర్వాత అతనితో నేనన్న మొదటి మాట అది. తల ఊపాడు.

పేట పేటంతా వచ్చింది. పారలు, గునపాలు, గంపలు. రైతుల వీధి నుంచి గున్నమ్మ మనవణ్ణి, ఎడ్లబండిని పంపింది. ఎన్ని బళ్ళు ఎత్తినా తరగలేదు. అడుగుకి వెళ్ళేకొద్దీ నల్లటి బురద, ప్లాస్టిక్, అందులో సిమెంటు పలకల ముక్కలు, విరిగిన సిలువలు. ఏ పేరు ఎవరి మీదిదో, ఏ పలక ఏ గుంతదో తెలియలేదు. పేర్లు చెరిగిపోయాయి.

మా అత్త పొద్దుటి నుంచి మా మావయ్య సమాధి వెతుకుతోంది. వేపచెట్టు నుంచి తూర్పుకి అనుకుంది. ఆ వేపచెట్టే లేదు. చేత్తో మట్టి తీసి చూసింది. ఒకచోట కూర్చుంది, లేచింది, మరోచోట కూర్చుంది. డేవిడ్‌రాజు గునపం వదిలేసి తల్లి పక్కకి వచ్చి, “ఇక్కడేనేమో అమ్మా” అన్నాడు. “కాదు” అంది. ఇంకోచోట చూపించాడు. “కాదురా” అంది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆవిడ ఒక మట్టి దిబ్బ దగ్గర ఆగింది. పలక లేదు, సిలువ లేదు. సున్నం బకెట్టు నా చేతిలోంచి తీసుకుంది.

“మావయ్యదేనా అత్తా?” అన్నాను.

“తెల్దు. ఎవలిదైతే ఏటి? మనోలే కదా.”

కూర్చుని, ఆ దిబ్బ చుట్టూ చేత్తోనే సున్నం పూయడం మొదలుపెట్టింది.